ప్రభుత్వ పొరుగువాడు

పూడివలస సముద్రం ఒడ్డున రాత్రిపూట బండి ఆపుకుని అందులోనే పడుకునే యాత్రికులు మర్యాదగా ఉండాలని ప్రభుత్వం కోరుకుంది. కోరుకోవడంలో తప్పేమీ లేదు. అంతకు ముందు ఏడాది ఎవరో కుర్రకారు క్యారవాన్ వేసుకొచ్చి, ప్రభుత్వ గెస్ట్‌హౌస్ గోడ పక్కన ఆపి, తెల్లవార్లూ పాటలు పెట్టారు. ఆ రాత్రి గెస్ట్‌హౌస్‌లో ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. మామూలు మనిషి నిద్ర చెడితే మర్నాడు మధ్యాహ్నం ఓ కునుకు తీస్తాడు. పెద్దాయన నిద్ర చెడింది కాబట్టి ఒక సంస్థ పుట్టింది.

దాని పేరు రాత్రి విడిది వాహనముల భద్రతా మర్యాదా ప్రాధికార సంస్థ. అంత పేరు పలికే ఓపిక లేక ఊళ్లోవాళ్లు మర్యాదాఫీసు అన్నారు. ఎవరికీ ఇబ్బంది కలగకూడదని ఆ ఆఫీసు ఊరికి దూరంగా, సరుగుడు తోటల అవతల, మనిషి మాటే వినపడని ఇసకనేల చూసి చదును చేయించింది. చుట్టూ కంచె, ఒక కుళాయి, ఒక బోర్డు. బోర్డు మీద నిబంధనలు. అందులో నాలుగోది ఇలా ఉంది: "విడిది చేయు వాహనదారులు పొరుగువారికి ఎట్టి అసౌకర్యము కలిగించరాదు. కలిగినచో, అసౌకర్యకారకులు తక్షణమే స్థలమును ఖాళీ చేయవలెను."

ఇక్కడే చిక్కొచ్చింది. అక్కడ పొరుగువారు లేరు.

ఇంకొకరైతే సంతోషించి ఊరుకునేవారు. కానీ పూడివలస విడిది మర్యాదల అధికారి దక్షిణామూర్తిగారు చేతిలో ఉన్న నిబంధనని అమలు చెయ్యకుండా నిద్రపోయే మనిషి కాదు. ఆయన పై ఆఫీసుకి రాశారు. "పొరుగువారు లేని చోట మర్యాద అనునది నిరూపణకు లొంగదు. కావున ఒక పొరుగువానిని మంజూరు చేయ ప్రార్థన."

మంజూరైంది.

పొరుగువాడి ఉద్యోగానికి ముగ్గురు వచ్చారు. చిన్న చప్పుడుకైనా లేచే స్వభావం ఉండాలన్నది ఏకైక అర్హత. అభ్యర్థుల్ని కుర్చీల్లో కళ్లు మూసుకుని కూర్చోమని, వెనకాల గరిటె ఒకటి కింద పడేశారు. ఇద్దరు కదల్లేదు. నూకరాజు అనే ముప్పయ్యేళ్ల కుర్రాడు చటుక్కున వెనక్కి తిరిగాడు. గరిటె చప్పుడు వినగానే టిఫిన్ వచ్చిందనుకున్నానని తర్వాత వాడే చెప్పాడు. నిజానికి నూకరాజు పడుకున్నాడంటే పక్కన తుఫాను వచ్చి వెళ్లిపోయినా తెలియని రకం. వాళ్లమ్మ వాణ్ణి నిద్ర లేపలేక మంచం ఎత్తి కుదేసేది.

కంచె పక్కన రేకుల షెడ్డు వేసి, ఒక మంచం, ఒక ఫ్యాను ఇచ్చి, నూకరాజుని పొరుగువాడిగా నియమించారు. పొద్దుగూకినప్పట్నుంచి తెల్లారేదాకా అక్కడ కాపురం ఉండటం వాడి పని. ఇబ్బంది కలిగితే అధికారికి చెప్పాలి. కలగకుండా చెప్పకూడదు. ఆ మేరకు వాడి చేత ప్రమాణం కూడా చేయించారు. నూకరాజు ప్రమాణాన్ని సీరియస్‌గా తీసుకునే కుటుంబం నుంచి వచ్చినవాడు.

కొన్ని నెలలు గడిచాయి. అడపాదడపా బండ్లు వచ్చాయి, పోయాయి. ఫిర్యాదు ఒక్కటి రాలేదు. పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఫిర్యాదులే లేనప్పుడు పొరుగువాని ఆవశ్యకత ఏమి, ఈ నెలాఖరులోగా ఒక్క ఫిర్యాదైనా నమోదు కాని పక్షంలో పొరుగును ఎందుకు రద్దు చేయరాదు అని అందులో అడిగారు.

ఆ నెలాఖరు రోజున, పొద్దు వాలే వేళకి, పైడిరాజుగారి ఇంటిబండి పూడివలస చేరింది.

పైడిరాజు విజయనగరం బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. పాత మినీబస్సు ఒకటి కొని, సీట్లు పీకేసి, రెండు మంచాలు, స్టవ్వు, నీళ్ల ట్యాంకు తన చేత్తోనే బిగించుకున్నాడు. దాన్ని క్యారవాన్ అంటే ఆయన ఒప్పుకోడు, ఇంటిబండి అంటాడు. ఆయన భార్య వరహాలమ్మ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసింది. జీవితమంతా ఊరి పిల్లల్ని నిద్రపుచ్చి తాను ఏ ఊరూ చూడలేదు. ఇప్పుడు చూస్తోంది. ఇద్దరూ సముద్రం పక్కన ఊళ్లన్నీ తిరుగుతూ కిందకి దిగుతున్నారు.

ఒక్కటే ఇబ్బంది. పైడిరాజుకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కాలేదు. చీకటి పడ్డాక ఎదురుగా లారీ వచ్చిందంటే దాని లైట్లు ఆయనకి మతాబుల్లా విచ్చుకుంటాయి. అందుకని పొద్దుండగానే బండి ఆపెయ్యాలి. ఆపాక తెల్లారేదాకా తియ్యకూడదు. ఈ విషయంలో వరహాలమ్మ తన హాస్టల్ గేటు కన్నా గట్టిగా ఉంటుంది.

గేటు దగ్గర దక్షిణామూర్తి నిలబడి ఉన్నారు. ఆయనకీ ఆ రోజు ముఖ్యమైనదే.

"తమరిది ఇల్లా, వాహనమా?" అని అడిగారు.

"నడుస్తున్నప్పుడు బండండి. ఆగితే ఇల్లు," అన్నాడు పైడిరాజు.

"ఏ క్షణమున అది ఇల్లగును?"

పైడిరాజు కాసేపు ఆలోచించాడు. యంత్రాల గురించి అడిగిన ప్రశ్నకి ఆలోచించకుండా జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. "హ్యాండ్‌బ్రేక్ వేసినప్పుడనుకుందామండి."

దక్షిణామూర్తి తృప్తిగా తలూపి, షెడ్డు వైపు చెయ్యి చూపించారు. "అదిగో, అతను మీ పొరుగువాడు. అతనికి అసౌకర్యము కలిగినచో, అసౌకర్యకారకులు తక్షణమే స్థలమును ఖాళీ చేయవలెను."

"అంటే రాత్రా?" అంది వరహాలమ్మ. "ఆయనకి చీకట్లో కళ్లు ఆనవండి. బండి తియ్యలేరు."

"నిజమే. చీకటిలో ప్రయాణము ప్రమాదకరము. విడిది వాహనములు రాత్రివేళ కదలరాదని ఎనిమిదవ నిబంధన స్పష్టముగా చెప్పుచున్నది."

"మరి?"

"ఖాళీ చేయుట నాలుగవది. ఎనిమిది కన్నా నాలుగు ముందు వచ్చును గదా."

వరహాలమ్మ ఇంకేదో అనబోయింది. పైడిరాజు కంటితోనే వద్దన్నాడు. వాళ్లు ఎవరినీ ఇబ్బంది పెట్టే మనుషులు కారు. ఇక భయమెందుకని ఆయన ఉద్దేశం.

నూకరాజు షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, ఆశగా చూస్తున్నాడు. ఇంత పెద్ద బండిలో ఇబ్బంది కలిగించే వస్తువు ఒక్కటైనా ఉండకపోతుందా అని.

పైడిరాజు షెడ్డుకి దూరంగా, ఎవరి దారికీ అడ్డం లేని మూల చూసి బండి ఆపాడు. ముక్కు గేటు వైపు పెట్టాడు, ఏ అవసరమొచ్చినా వెనక్కి తిప్పక్కర్లేకుండా. చక్రాలకి చెక్కముక్కలు అడ్డం పెట్టాడు. ఇంజను కట్టేశాడు. జనరేటర్ బయటికి తియ్యలేదు, అసలు ఆయన దగ్గర జనరేటరే లేదు. కుర్చీలు, బల్లలు పరిచి స్థలం ఆక్రమించలేదు. బయట లైటు వెయ్యలేదు. వంటయ్యాక గ్యాసు సిలిండర్ కట్టేసి, కిటికీలు రెండు ఓరగా తీసి ఉంచాడు. గిన్నెలు కడిగిన నీళ్లు ఇసకలో పొయ్యకుండా బకెట్లో పట్టి మూతపెట్టింది వరహాలమ్మ.

నూకరాజు మొహం క్రమంగా వాడిపోయింది. ఉండబట్టలేక లేచి వచ్చాడు.

"బాబాయ్‌గారూ, కుక్కని తెచ్చారేటి?"

"లేదు నాయనా."

"రేడియో?"

"ఉంది గానీ చెవిలో పెట్టుకుని వింటాను."

"పోనీ, తమరు గురక పెడతారా?" అన్నాడు నూకరాజు, చివరి ఆశగా.

పైడిరాజు భార్య వైపు చూశాడు. ఇలాంటి సంగతులు ఎవరికి వారికి తెలియవు కదా. "పెట్టరు," అంది వరహాలమ్మ. "ఏం బాబూ, నీకేం కావాలి? సూటిగా చెప్పు." అని పళ్లెంలో వేడన్నం, వంకాయ కూర వడ్డించి చేతికిచ్చింది.

ఆ పళ్లెం చూశాక నూకరాజు బండి మెట్టు మీద కూలబడ్డాడు. ఇబ్బంది పెట్టాల్సినవాళ్లే అన్నం పెడితే పొరుగువాడన్నవాడు ఏమైపోవాలి. జరిగిందంతా చెప్పేశాడు. రాత్రికి ఫిర్యాదు రాకపోతే రేపట్నుంచి పొరుగు రద్దు. వచ్చే నెల వాడి పెళ్లి. పిల్లనిచ్చేవాళ్లకి వాడి గురించి చెప్పిన మంచి మాట ఒక్కటే, కుర్రాడు గవర్నమెంటు పొరుగువాడు అని. ఆ మాట చెరిగిపోతే సంబంధం నిలవదు. పిల్ల పేరు సత్యాలు. చేపల మార్కెట్లో వాళ్లమ్మతో కూర్చుంటుంది. ముందొకసారి మామూలు పొరుగువాడిగా అడిగిస్తే కాదన్నారు.

"దీనికింత బాధ దేనికి? మా వల్ల ఇబ్బందైందని చెప్పెయ్," అన్నాడు పైడిరాజు.

"ప్రమాణం చేశాను బాబాయ్. అబద్ధం ఆడను. నిజంగా ఇబ్బంది కలగాలి."

వరహాలమ్మ భర్త వైపు తిరిగి, "ఇంత కష్టంలో ఉన్నవాణ్ణి ఇబ్బంది పెట్టకపోతే ఏం మర్యాదండీ," అంది.

"పెడితే మనం చీకట్లో బండి తియ్యాలి."

"ఆ సంగతి తర్వాత చూద్దాం. ఆ పెద్దమనిషి కాళ్లయినా పట్టుకుందాం. ముందు కుర్రాడి సంగతి చూడండి."

కాబట్టి జీవితంలో ఎవరినీ నొప్పించని పైడిరాజు ఒక మనిషిని నొప్పించడానికి సిద్ధపడ్డాడు. నూకరాజు బుద్ధిగా వెళ్లి మంచం మీద పడుకున్నాడు. పడుకోగానే నిద్రపోయాడు.

పైడిరాజు హారన్ కొట్టాడు. పాత బస్సు హారన్ అది, సరుగుడు తోటలో కాకులు లేచి అరిచాయి. నూకరాజు పక్కకి ఒత్తిగిలాడు. వరహాలమ్మ స్టీలు పళ్లెం, గరిటె పట్టుకెళ్లి కిటికీ దగ్గర వాయించింది. హాస్టల్లో అరవై మంది ఆడపిల్లల్ని లేపిన చెయ్యి అది. నూకరాజు నిద్రలోనే లాలాజలం మింగాడు తప్ప కళ్లు తెరవలేదు. మొహం మీద నీళ్లు చల్లితే వాడు చిరునవ్వుతో లేచి, "హాయిగా ఉన్నాది పిన్నీ, ఉక్కబోస్తుంది," అన్నాడు.

"పోనీ తిట్టండి," అంది వరహాలమ్మ భర్తతో.

పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. డిపోలో మెకానిక్కులు ఒకరినొకరు తిట్టుకోవడం ముప్పయ్యేళ్లు విన్నాడు గానీ తాను వాడలేదు. ఎలాగో రెండు మాటలు కూడదీసుకుని అన్నాడు. అని, వెంటనే, "ఏమనుకోకు నాయనా," అని కలిపాడు.

నూకరాజు ఆ మాటల్ని మనసులో తిప్పి చూసుకున్నాడు. నిజాయితీగా వెతికాడు. "లేదు బాబాయ్," అన్నాడు దిగులుగా. "మా మావయ్య గుర్తొచ్చాడు. పోయి రెండేళ్లయింది. ఇంత ప్రేమగా తిట్టేవాళ్లు ఇప్పుడు లేరు."

ఇక చేసేదేమీ లేదని వాడు మళ్లీ పడుకున్నాడు. పైడిరాజు దంపతులు బండి మెట్టు మీద దిగాలుగా కూర్చున్నారు.

రోజూ పడుకునే ముందు దక్షిణామూర్తిగారు తనిఖీకి వచ్చేవారు. రాత్రి విడిదిలో నిశ్శబ్దం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆయనకి ప్రత్యేకంగా జీపు ఇచ్చారు. దానికి సైరన్ కూడా ఉంది, అధికారి వస్తున్నట్టు విడిదిదారులకి ముందుగా తెలియాలి కనక. ఆ రోజు ఫిర్యాదు కోసం ఆదుర్దాగా ఉండటం వల్ల ఆయన సైరన్ గేటు బయట ఆపించడం మర్చిపోయారు. జీపు కూతలు పెడుతూ, పెద్ద లైట్లతో లోపలికొచ్చి, నేరుగా రేకుల షెడ్డు గుమ్మంలో ఆగింది. డ్రైవరు ఇంజను కట్టలేదు. రేకులన్నీ, లోపలి మంచంతో సహా, గడగడలాడాయి.

షెడ్డులోంచి నూకరాజు ఊడిపడ్డాడు. లుంగీ సర్దుకుంటూ, రెండు చెవులూ మూసుకుని, "ఎవడ్రా అది? మనుషుల్ని పడుకోనివ్వరా?" అన్నాడు.

ఆ మాట అన్నాక వాడికే ఆశ్చర్యమేసింది. వాడికి చరిత్రలో మొదటిసారి ఇబ్బంది కలిగింది.

దక్షిణామూర్తి జీపు దిగారు. "నూకరాజూ, నీకు అసౌకర్యము కలిగెనా?"

"కలిగిందండి."

"సత్యముగా?"

"ప్రమాణం చేసి చెప్తున్నానండి. గుండె ఇంకా కొట్టుకుంటుంది."

దక్షిణామూర్తి మొహం వెలిగింది. ఆయన గబగబా ఇంటిబండి వైపు తిరిగారు. "అయితే వీరు తక్షణమే..."

వరహాలమ్మ లేచి నిలబడింది. హాస్టల్లో వంటవాళ్ల తగవులు తీర్చేటప్పుడు నిలబడ్డట్టు నిలబడింది. "అయ్యా, అతన్ని లేపింది మా బండి కాదండి. మీ జీపు. మీరే అడగండి."

"జీపేనండి," అన్నాడు నూకరాజు. ప్రమాణం ప్రమాణమే.

దక్షిణామూర్తి బోర్డు దగ్గరికి నడిచి, జీపు లైట్ల వెలుగులో నాలుగో నిబంధన మొదట్నుంచీ చదివారు. ఖాళీ చెయ్యాల్సింది "అసౌకర్యకారకులు" అని ఉంది. యాత్రికులని లేదు. ఇంకోసారి చదివారు. ఇంకొకరైతే మొహం మాడ్చుకునేవారే. కానీ ఆయన నిబంధనల్ని నిజంగా నమ్మిన మనిషి. పైగా నెల అదే రాత్రితో ముగుస్తోంది.

"ఈ సంస్థ ఆవిర్భవించిన నాటినుండి ఇది ప్రథమ ఫిర్యాదు," అన్నారు. "నూకరాజూ, నీవు నీ విధిని నిర్వర్తించితివి." అని డ్రైవరు వైపు తిరిగి, "మనము అసౌకర్యకారకులము. తక్షణమే ఖాళీ చేయవలెను," అన్నారు.

జీపు సైరన్ వేసుకునే వెళ్లిపోయింది. పైడిరాజు ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు. తెల్లారి బయల్దేరేటప్పుడు నూకరాజు శుభలేఖ ఇంకా అచ్చు కాలేదని నోటితోనే పిలిచాడు. "తప్పకుండా రావాలి పిన్నీ. సాయంత్రం విందు ఇక్కడే. పొరుగువాడికి సెలవిస్తే ఆ రాత్రి పొరుగు ఖాళీగా ఉంటుందని సెలవివ్వలేదు."

ఆ తర్వాత నెలరోజుల్లో పూడివలసలో చాలా అభివృద్ధి జరిగింది. పొరుగు నిలబడాలంటే ఫిర్యాదులుండాలి, ఫిర్యాదులకి నమ్మదగిన ఆధారం జీపు ఒక్కటే. అందుచేత దక్షిణామూర్తి ప్రతి రాత్రీ సైరన్‌తో వచ్చి, నూకరాజుని లేపి, ఫిర్యాదు తీసుకుని, తనను తాను ఖాళీ చేయించుకుని వెళ్లేవారు. ఫిర్యాదులు ఇంత పెరగడం చూసి పై ఆఫీసు కంగారుపడింది. ఒక్క పొరుగువాడి మీద ఇంత భారం తగదని మరికొందరు పొరుగువాళ్లని మంజూరు చేసింది. వాళ్లకి షెడ్లు వేశారు. భార్యాపిల్లలు లేని పొరుగు సహజంగా ఉండదని కుటుంబాల్ని కూడా రప్పించారు. ఎదురుబొదురు షెడ్లవాళ్లు కుళాయి దగ్గర తగువులాడుకుంటూ నిజమైన పొరుగువాళ్లయ్యారు. సైరన్ దెబ్బకి యాత్రికుల బండ్లు ఆ ఛాయలకి రావడం మానేశాయి.

నూకరాజు పెళ్లిరోజున పైడిరాజు దంపతులు పొద్దుండగానే చేరుకున్నారు. గేటులోంచి చూస్తే షెడ్లు తప్ప ఖాళీ జాగా లేదు. షెడ్ల మధ్య రంగు బల్బులు కట్టి, వంట పొయ్యిలు వెలిగించారు.

"మా బండి ఎక్కడ పెట్టుకోమంటారండి?" అని అడిగాడు పైడిరాజు.

దక్షిణామూర్తి జాలిగా చూశారు. "విడిది వాహనములకు స్థలము లేదు. స్థలమంతయు విడిది వాహనముల మర్యాదకై నియమితులైన పొరుగువారిచే నిండినది. ఒక్క వాహనమును లేనందున మర్యాద సంపూర్ణముగా నెలకొనినది."

"మరో గంటలో చీకటి పడుతుందండి. ఎక్కడికని పోతాం?" అంది వరహాలమ్మ.

ఆయన బోర్డు వైపు చూశారు. ఈ ప్రశ్నకి బోర్డు మీద జవాబు లేదు. పాపం, లేని జవాబు ఆయన ఎక్కణ్ణుంచి తెస్తారు.

నూకరాజు పెళ్లిబట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. వెనకాల సత్యాలు, నుదుటి మీద బాసికం చారలతో. సంగతి విని సత్యాలు ఎవరినీ అడగలేదు. కొంగు బొడ్లో దోపి, తమ కొత్త కాపురం షెడ్డులోంచి మంచం బయటికి లాగింది. "రేకులు రెండు వైపులా విప్పేద్దాం. ఇవాళ ఒక్కరోజు గోడలు లేకపోతే ఏం," అంది. పక్క షెడ్డు ఆవిడ, అప్పటిదాకా కుళాయి తగువు వల్ల నూకరాజు అమ్మతో మాటల్లేని మనిషి, తన గుమ్మంలో బిందెలు తీసి పక్కకి పెట్టింది. మగవాళ్లు రేకులు విప్పారు. పైడిరాజు ఇంటిబండి ఆ జాగాలోకి నెమ్మదిగా ఒదిగింది. ఆయన దిగి చక్రాలకి చెక్కలు పెట్టబోతే, ఇద్దరు పొరుగువాళ్లు ఆ చెక్కలు తీసుకుని తామే పెట్టారు.

సన్నాయి మోగింది. పిల్లలు ఇంటిబండి ఎక్కి దిగడం మొదలెట్టారు. విస్తళ్లు వేశారు. ఇంత సందడిలో దక్షిణామూర్తి ఒక్కరే షెడ్డు షెడ్డుకీ తిరిగి, "మీకు అసౌకర్యము కలుగుచున్నదా?" అని అడుగుతూ వచ్చారు. లేదండి, లేదండి అన్నారు అందరూ. ఒక ముసలాయన, "ఇలాగ రోజూ ఉంటే బావుణ్ను," అన్నాడు. ఆఖరికి ఆయన నూకరాజు దగ్గరికొచ్చారు.

"నీవైనను చెప్పు. సన్నాయి, జనము, వాహనము. నీకు అసౌకర్యము లేదా?"

నూకరాజు సత్యాలు వైపు చూశాడు. "ప్రమాణం చేసి చెప్తున్నానండి," అన్నాడు. "ఏమీ లేదు."

వరహాలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని విస్తరి ముందు కూర్చోబెట్టింది. పప్పు, పులిహోర, చేపల పులుసు. ఆయన తినగలిగినంత తిన్నారు. నెలరోజులుగా రాత్రి తిరుగుళ్లతో ఆయనకీ సరైన నిద్ర లేదు. చెయ్యి కడుక్కుని కుర్చీలో వెనక్కి వాలారు, అంతే, గురక మొదలైంది. జీపు డ్రైవరు వచ్చి, తనిఖీ టైమైందని లేపబోయాడు.

"పడుకోనియ్ బాబూ," అంది వరహాలమ్మ, ఆయన మీద దుప్పటి కప్పుతూ. సన్నాయివాళ్లని కాస్త అవతలికి జరిగి వాయించమంది.

ఆ రాత్రి విడిదిలో ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదు. అందుకు మర్నాడే దక్షిణామూర్తిగారికి సంజాయిషీ నోటీసు వచ్చింది.